ముఖ్య అతిథుల పేర్లతో పాటు స్కోరు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతి మొదలుకొని వేసవి సెలవులు ముగిసే దాకా మా నల్లగొండ జిల్లాలో ఏదో ఒక మండలంలో క్రికెట్ టోర్నమెంటో, కబడ్డీ పోటీలో, వాలీబాల్ పోటీలో జరుగుతూనే ఉంటాయి. వాటి వార్తలు మీ పత్రిక జిల్లా పేజీల్లో తప్పకుండా వస్తున్నాయి. పోటీలను ప్రారంభించింది ఎవరో, నగదు బహుమతి ఇచ్చిన దాత ఎవరో, ఆ బహుమతి ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో, వేదిక మీద కూర్చున్న ప్రజాప్రతినిధులు, మాజీ ప్రజాప్రతినిధులు ఎవరెవరో ఆ వార్తల్లో పేరుపేరునా ఉంటుంది. క్రీడలు మానసికోల్లాసానికి దోహదపడతాయని, గెలుపోటములను సమానంగా స్వీకరించాలని ముఖ్య అతిథి చెప్పిన మాటలు కూడా ఉంటాయి. ఆయన ఖద్దరు బట్టల్లో క్రీజులో నిలబడి బ్యాటు ఊపుతున్న ఫొటో ఉంటుంది. స్కోరు మాత్రం ఉండదు. ఫలానా జట్టు ఫలానా జట్టుపై విజయం సాధించిందన్న ఒక్క వాక్యంతో వార్త ముగుస్తుంది. ఎన్ని పరుగుల తేడాతో గెలిచింది, ఎవరు కొట్టారు, ఎవరు వికెట్లు తీశారు, కబడ్డీ అయితే కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చింది ఎవరు, పట్టు పట్టింది ఎవరు అన్నది మైదానంలో ఉన్నవాళ్లకు తప్ప మరెవరికీ తెలియదు.

నేను ప్రభుత్వ పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఉద్యోగంలో ఉన్న కాలమంతా ఆదివారాలు, సెలవు రోజులు చాలా వరకు మా పట్టణంలోని మైదానాల పక్కన బల్ల వేసుకొని, క్రికెట్ మ్యాచ్‌లకు స్కోర్ బుక్ రాస్తూ గడిపాను. అందువల్ల స్కోరు లేని ఆట వార్త చదివినప్పుడు నాకు కలిగే అసంతృప్తి కొంత వృత్తిగతమైనదే అనుకోవచ్చు. అయితే ఈ విషయం మీకు రాయాలన్న సంకల్పం గత వేసవిలో షికాగోలో ఒక మధ్యాహ్నం బేస్‌బాల్ మ్యాచ్ చూసిన తర్వాత గట్టిపడింది. మా అమ్మాయి, అల్లుడు ఆ నగర శివార్లలో ఉంటారు. అమెరికా వెళ్లిన మన ప్రాంతపు తల్లిదండ్రులను పిల్లలు సాధారణంగా నయాగరా జలపాతానికి, గుడికి, దేశీ కిరాణా దుకాణానికి తీసుకువెళ్తారు. మా అల్లుడు నా సంగతి ఎరిగినవాడు కాబట్టి వాటితో పాటు రిగ్లీ ఫీల్డ్‌కు కూడా తీసుకువెళ్లాడు.

రిగ్లీ ఫీల్డ్ 1914లో కట్టిన మైదానం. షికాగో కబ్స్ అనే జట్టు 1916 నుంచి అక్కడే ఆడుతోంది. మిగతా నగరాల్లో రాత్రి మ్యాచ్‌లు మామూలైపోయిన తర్వాత కూడా ఇక్కడ ఫ్లడ్‌లైట్లు పెట్టలేదు. 1941లో దీపాల కోసం సామగ్రి కొని ఉంచినా, అదే డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగడంతో యజమాని దాన్ని యుద్ధ అవసరాలకు ఇచ్చేశారట. చివరికి 1988 ఆగస్టులో కానీ అక్కడ దీపాల వెలుగులో ఆట జరగలేదు. ఇప్పటికీ పగటి మ్యాచ్‌లు అక్కడ ఎక్కువే. మేము వెళ్లింది మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవై నిమిషాలకు మొదలైన మ్యాచ్‌కు. అది పని దినమైనా నలభై వేల మందికి పైగా పట్టే ఆ మైదానం దాదాపు నిండిపోయింది. రెడ్ లైన్ రైలు దిగి నాలుగు అడుగులు వేస్తే గేటు వస్తుంది. మైదానం అవతలి గోడ నిండా పచ్చని తీగ అల్లుకొని ఉంటుంది. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుపోతే ఏమి చేయాలో చెప్పే నియమం కూడా వాళ్లకు ఉంది. రోడ్డుకు అవతల ఉన్న మేడల మీద కూడా మెట్ల వరుసలు కట్టి, టికెట్లు అమ్మి జనాన్ని కూర్చోబెడతారు. మా దగ్గర గోడ మీద, చెట్టు మీద ఎక్కి చూసే వారి వద్ద ఎవరూ ఇంకా డబ్బు వసూలు చేయడం లేదు కానీ, ఆ ఆలోచన ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

బేస్‌బాల్ ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. జట్టుకు తొమ్మిది మంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. ప్రతి ఇన్నింగ్స్‌లో ముగ్గురు అవుటైతే రెండో జట్టు బ్యాటింగ్‌కు వస్తుంది. పిచర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతిని నేలకు తగలనివ్వకుండా విసురుతాడు. కొట్టినవాడు 90 అడుగులకొకటి చొప్పున ఉన్న బేస్‌ల మీదుగా చుట్టి, తాను కొట్టిన చోటైన హోమ్ ప్లేట్‌కు తిరిగి చేరుకుంటే ఒక పరుగు. నాలుగైదు పరుగులకే ఆట గెలవవచ్చు కాబట్టి ఒక్కొక్క పరుగు ఎలా వచ్చిందన్నది అక్కడ పెద్ద విషయం. క్రికెట్‌కు అలవాటుపడిన కంటికి మొదటి గంట కొంచెం నిదానంగానే తోస్తుందని ఒప్పుకోవాలి.

నా పక్క సీటులో దాదాపు నా వయసే ఉన్న ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఆమె ఒడిలో ఒక అట్ట, దాని మీద గళ్లు గీసిన స్కోర్‌కార్డు, చేతిలో పెన్సిల్ ఉన్నాయి. ఆట మొదలయ్యే ముందే ఆమె రెండు జట్ల ఆటగాళ్ల పేర్లు బ్యాటింగ్ వరుసలో రాసుకున్నారు. నేను కూడా స్కోరు రాసేవాడినని చెప్పగానే కార్డు నా వైపు తిప్పి, ఇన్నింగ్స్ మధ్య విరామాల్లో ఓపికగా వివరించారు. మైదానంలో ప్రతి ఫీల్డర్‌కు ఒక సంఖ్య ఉంటుంది. పిచర్ ఒకటి, బ్యాటర్ వెనుక బంతి అందుకునే క్యాచర్ రెండు, మొదటి బేస్ దగ్గర ఉన్నవాడు మూడు, రెండో బేస్ మనిషి నాలుగు, మూడో బేస్ మనిషి ఐదు, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ ఆరు, దూరంగా ఉన్న ముగ్గురూ ఎడమ నుంచి కుడికి ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఈ సంఖ్యలు ఆటగాడి చొక్కా మీద ఉండే నంబర్లు కావు. అతడు నిలబడిన స్థానానివి. బ్యాటర్‌కు కేటాయించిన చిన్న గడిలో వజ్రం ఆకారం ముద్రించి ఉంటుంది. అతడు ఏ బేస్ దాకా వెళ్తే అంత వరకు గీత దిద్దుతారు. చుట్టి వచ్చి పరుగు సాధిస్తే ఆ ఆకారమంతా నింపుతారు. మూడు స్ట్రైక్‌లకు, అంటే కొట్టదగిన బంతులు మూడు కొట్టలేకపోయి, అవుటైతే కె అక్షరం వేస్తారు. బ్యాటు ఊపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి వేస్తారు.

నాలుగో ఇన్నింగ్స్‌లో అనుకుంటాను, ఒక బంతి నేల మీద దొర్లుతూ షార్ట్‌స్టాప్ వైపు వెళ్లింది. అతడు దాన్ని అందుకొని రెండో బేస్‌కు విసిరాడు, అక్కడివాడు కాలు బేస్‌కు తాకించి తిప్పి మొదటి బేస్‌కు విసిరాడు, రెప్పపాటులో మొదటి బేస్ నుంచి పరిగెత్తుతున్నవాడు, కొట్టినవాడు ఇద్దరూ అవుటయ్యారు. జనమంతా లేచి అరుస్తూ ఉండగా ఆమె తల వంచి ఆరు, నాలుగు, మూడు అని మూడు అంకెలు వేసి గీత గీశారు. నాకు మతి పోయినంత పనైంది. మన క్రికెట్ స్కోర్ బుక్‌లో ప్రతి బంతికీ లెక్క ఉంటుంది, నిజమే. డాట్ బాల్‌కు కూడా చుక్క పెడతాము. అయితే బంతిని ఆపినవాడికి, విసిరినవాడికి, అందుకున్నవాడికి మన బుక్‌లో చోటు తక్కువ. పాయింట్‌లో నిలబడి రోజంతా ఇరవై పరుగులు ఆపిన కుర్రవాడి పేరు నేను రాసిన ఏ పేజీలోనూ లేదు. వాళ్ల కార్డులో బంతి ఏ చేయి నుంచి ఏ చేతికి వెళ్లిందో అంతా ఉంటుంది. ఆ కార్డు దగ్గర ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ మధ్యాహ్నపు ఆటను మొదటి నుంచి చివరి దాకా చెప్పవచ్చు.

మర్నాడు ఉదయం పత్రికలో వచ్చే బాక్స్ స్కోరుతో, అంటే మ్యాచ్ లెక్కలన్నీ చిన్న పట్టికగా వేసే దానితో, తన కార్డును సరిపోల్చుకోవడం తనకు అలవాటని, తేడా వస్తే పత్రికదే తప్పని తాను ముందుగా అనుకుంటానని ఆమె చెప్పారు. ఈ మాట మీకు రాసే ఉత్తరంలో చేర్చవచ్చా అని నేను అడగలేదు. అడిగినా కాదనేవారు కాదనుకుంటాను.

ఆ మైదానంలో స్కోర్‌బోర్డు కూడా చెప్పుకోదగ్గదే. 1937లో కట్టిన ఆ బోర్డును ఇప్పటికీ మనుషులే నడుపుతారు. లోపల కూర్చున్న పనివారు ఇనుప పలకలు చేత్తో మారుస్తూ ఉంటారు. ఎదురుగా జరుగుతున్న ఆటతో పాటు అదే రోజు ఇతర నగరాల్లో జరుగుతున్న ఆటల స్కోర్లు కూడా ఇన్నింగ్స్ వారీగా అక్కడ కనిపిస్తాయి. పెద్ద తెరలు కూడా పెట్టారు కానీ, జనం కళ్లు పాత బోర్డు వైపే వెళ్లడం గమనించాను. పరుగులు, హిట్‌లతో (బ్యాటర్ బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్) పాటు బేస్‌బాల్‌లో ఫీల్డర్లు చేసిన తప్పుల సంఖ్యను కూడా స్కోరులో భాగంగా చూపుతారు. ఒక బంతి హిట్టో, ఫీల్డర్ తప్పో తేల్చడానికి ప్రత్యేకంగా ఒక అధికారిక స్కోరర్ ఉంటాడు. నా వంటివాడికి అంతటి అధికారం ఇస్తే మా పట్టణంలో ఎన్ని రోజులు ప్రశాంతంగా తిరగగలిగేవాడినో చెప్పలేను. ఆట ముగిశాక స్కోర్‌బోర్డు పైన ఒక జెండా ఎగరేస్తారు. సొంత జట్టు గెలిస్తే తెల్ల గుడ్డ మీద నీలి అక్షరం, ఓడితే నీలి గుడ్డ మీద తెల్ల అక్షరం. పక్కనే పోయే రైలులో ఉన్నవాళ్లకు కూడా ఫలితం తెలియడానికి ఆ ఏర్పాటు.

మిగతా విషయాలు త్వరగా ముగిస్తాను. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి పాట పాడతారు. ప్రేక్షకుల్లోకి వచ్చిన బంతిని దొరికినవాళ్లు ఉంచుకోవచ్చు, కానీ ప్రత్యర్థి జట్టు హోమ్ రన్‌గా, అంటే నేరుగా ప్రేక్షకుల్లోకి, కొట్టిన బంతి అయితే రిగ్లీ ఫీల్డ్‌లో దాన్ని తిరిగి మైదానంలోకి విసిరేయడం ఆచారం. 2023 నుంచి పిచర్ నిర్ణీత సమయంలో బంతి విసరాలని గడియారం పెట్టడంతో ఆట ఇప్పుడు రెండున్నర, మూడు గంటల్లో ముగుస్తోంది. తిండి ధరల గురించి రాస్తే ఉత్తరం ఉద్దేశం మారిపోతుంది.

తిరిగి వచ్చాక ఈ బాక్స్ స్కోరు సంగతి ఏమిటో తెలుసుకోవాలని చదివాను. దాన్ని తీర్చిదిద్దినవాడిగా చెప్పే హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికాలోని బ్రూక్లిన్‌కు వలస వెళ్లిన వ్యక్తి. ఆయన ఆటగాడిగా పేరు పొందినవాడు కాదు. పత్రికలకు క్రికెట్ వార్తలు రాసే విలేకరి. 1850లలో బేస్‌బాల్ వైపు మళ్లినప్పుడు, క్రికెట్ స్కోరును పత్రికలో పట్టికగా వేసే పద్ధతిని కొత్త ఆటకు అనువుగా మలిచారు. ఎవరు ఎన్ని పరుగులు చేశారు, ఎవరు ఎన్నిసార్లు అవుటయ్యారు, ఎవరు ఎందరిని అవుట్ చేశారు అన్నది నాలుగు వేళ్ల మేర చోటులో ఇమిడేలా చేశారు. ఇందుకు గాను 1938లో, అప్పటికి మరణించి ముప్పై ఏళ్లయిన ఆ విలేకరికి మహా ఆటగాళ్ల సరసన బేస్‌బాల్ గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం ఇచ్చారు. అంటే మనం రోజూ చూసే ఆట నుంచే, ఒక పత్రికా విలేకరి ద్వారానే, ఆ పద్ధతి అటు వెళ్లింది. మన జిల్లా పేజీకి అది పరాయి సరుకు కాదు.

ఆ పట్టికలు అచ్చు కావడం వల్ల ఏమి ఒరిగిందని అడిగేవారికి ఒక ఉదాహరణ చాలు. అమెరికాలో 1947 వరకు బేస్‌బాల్ అత్యున్నత స్థాయి పోటీలైన ప్రధాన లీగ్‌లలో నల్లజాతి ఆటగాళ్లను ఆడనివ్వలేదు. వాళ్లు తమకు తాముగా లీగ్‌లు పెట్టుకున్నారు. 1920లో మొదలై నీగ్రో లీగ్‌ల పేరుతో సాగిన ఆ పోటీల్లో ఎందరో గొప్ప ఆటగాళ్లు ఆడారు, బస్సుల్లో ఊరూరూ తిరిగారు, చాలా చోట్ల హోటల్ గది కూడా దొరకని పరిస్థితుల్లో ఆడారు. ప్రధాన లీగ్‌ల అధికారిక రికార్డుల్లో వాళ్ల ఆటకు చోటే లేదు. పిట్స్‌బర్గ్, షికాగో వంటి నగరాల్లో నల్లజాతివారు నడిపిన వారపత్రికలు మాత్రం వాళ్ల మ్యాచ్‌ల బాక్స్ స్కోర్లు వీలైనంత వరకు అచ్చు వేస్తూ వచ్చాయి. ఆ పత్రికలకు అన్ని ఊళ్లకూ మనిషిని పంపే స్తోమత లేదు. అయినా వేశారు.

దశాబ్దాల తర్వాత కొందరు పరిశోధకులు గ్రంథాలయాల్లో, మైక్రోఫిల్ముల్లో ఆ పాత సంచికలను తిరగేసి, ఒక్కొక్క పట్టికనూ ఎత్తి రాసి, కూడి, సరిచూసి లెక్క తేల్చారు. దాని ఆధారంగా 2024 మే నెలలో రెండు వేల మూడు వందల మందికి పైగా నీగ్రో లీగ్ ఆటగాళ్ల లెక్కలను ప్రధాన లీగ్‌ల అధికారిక రికార్డుల్లో చేర్చారు. జాష్ గిబ్సన్ అనే క్యాచర్ జీవితకాల బ్యాటింగ్ సగటు 0.372గా, అంటే కొట్టే అవకాశాలు వెయ్యికి 372 హిట్‌లుగా, తేలింది. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ సగటు 0.367. గిబ్సన్ 1947 జనవరిలో, ముప్పై అయిదేళ్ల వయసులోనే చనిపోయాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడి రంగప్రవేశంతో ప్రధాన లీగ్‌ల తలుపు నల్లజాతివారికి తెరుచుకుంది. చనిపోయిన డెబ్బై ఏడేళ్లకు అతడి పేరు పట్టికలో మొదటి వరుసకు చేరిందంటే అందుకు ఆధారం ఎవరి జ్ఞాపకమూ కాదు, ఎవరి ప్రశంసా కాదు, వారపత్రికల్లో చిన్న అక్షరాల్లో వేసిన అంకెలు. సుమారు నాలుగో వంతు మ్యాచ్‌ల లెక్కలు ఇంకా దొరకలేదట. అవి ఆ రోజు ఎవరూ అచ్చు వేయనివో, వేసినా సంచిక మిగలనివో అయి ఉంటాయి.

ఇక మన సంగతి. దేవరకొండ, చందంపేట వైపు తండాల నుంచి వచ్చి కబడ్డీ ఆడే కుర్రవాళ్లను, కస్తూర్బా విద్యాలయాల్లోనూ గురుకులాల్లోనూ ఖోఖో, హ్యాండ్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కు చెల్లెలి వంటి ఆటే. షికాగోలో నేను చూసిన ఆట నియమాలు మా మండలంలో ఎవరికైనా ముందే తెలుసంటే ఆ పిల్లలకే తెలుసు. వీళ్లలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక ఫైలు ఉంటుంది. అందులో సర్టిఫికెట్లతో పాటు పేపర్ కటింగులు ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా పెట్టుకుంటారు. ఎంపిక పోటీలకు వెళ్లినా, కళాశాలలో సీటు కోసం వెళ్లినా, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు చేసినా ఆ ఫైలు చంకలో ఉంటుంది. ఒకసారి ఒక అమ్మాయి తన ఫైలు నాకు చూపించింది. ఆమె జట్టు గెలిచిన పోటీ గురించిన కటింగులో తొమ్మిది మంది పెద్దల పేర్లు ఉన్నాయి. ఆమె పేరు కానీ, జట్టులో మరొకరి పేరు కానీ లేదు. ఫొటోలో వెనుక వరుసలో తన తల భాగం కనిపిస్తుందని వేలు పెట్టి చూపించింది. ఆ కటింగును ఎంపిక చేసేవారి ముందు పెడితే వాళ్లకు తెలిసేది ఆ రోజు వేదిక మీద ఎవరున్నారన్నదే.

పిల్లలకు జరిగే నష్టం అది. చూసేవాళ్లకు మరొక నష్టం ఉంది. మా పట్టణంలో సెమీఫైనల్ దాకా వచ్చిన పోటీకి కూడా ఆటగాళ్ల స్నేహితులు, నిర్వాహకులు తప్ప జనం రారు. ఆసక్తి లేక అనుకుంటే పొరపాటు. టీవీలో ఐపీఎల్ వస్తే వీధిలో అడుగుల చప్పుడు ఉండదు. ఎవరు ఆడుతున్నారో, వాళ్లు నిన్న ఏమి చేశారో, ఈ రోజు ఎన్ని గంటలకు ఎక్కడ ఆడతారో తెలియనప్పుడు ఎవరు వస్తారు? నిన్న సూర్యాపేట జట్టులో ఫలానా కుర్రవాడు ఇరవై రెండు బంతుల్లో అర్ధ శతకం కొట్టాడని పొద్దున పేపర్లో చదివితే, సాయంత్రం అతడి ఆట చూడటానికి కనీసం పది మంది వస్తారు. షికాగోలో ఆ పెద్దావిడకు రెండు జట్ల ఆటగాళ్ల గురించీ తెలుసు. వాళ్లెవరూ ఆమె బంధువులు కారు. ఏళ్ల తరబడి పత్రికలో చదివి తెలుసుకున్నారు.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నేను ఊహించగలను. చోటు లేదనవచ్చు. ఒక టీ20 మ్యాచ్ సంక్షిప్త స్కోరు రెండు వాక్యాల్లో ఇముడుతుంది. కబడ్డీ అయితే తుది స్కోరు, సగం ఆట ముగిసేనాటి స్కోరు, రైడింగ్‌లో, పట్టులో ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఇద్దరేసి పేర్లు చాలు. వాలీబాల్‌కు సెట్ల స్కోరు ఒక్కటే చాలు. అతిథుల జాబితాలో చివరి నలుగురి పేర్లు తీసేస్తే ఇదంతా పడుతుంది. వాళ్లకు కోపం వస్తుందని మీరంటే, వాళ్ల పేర్లు ఉంచి ప్రసంగం తీసేయవచ్చు. గెలుపోటములను సమానంగా స్వీకరించాలన్న సంగతి పాఠకులకు ఇప్పటికే బాగా తెలిసిపోయింది. పైగా 2016లో ఉమ్మడి జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయాక జిల్లా పేజీలు కూడా విడిపోయాయి. చోటు మునుపటి కన్నా పెరిగిందనే నా లెక్క.

రెండో అభ్యంతరం మరింత న్యాయమైనది. మండల విలేకరులకు మీరు ఇచ్చేది అంతంత మాత్రం. ఒకే రోజు ప్రమాదం, ధర్నా, ధాన్యం కొనుగోలు కేంద్రం, మంత్రి పర్యటన అన్నీ చూసుకోవలసిన మనిషిని ఆట చివరి దాకా కూర్చొని లెక్కలు రాసుకోమనడం అన్యాయం. ప్రారంభోత్సవం ఫొటో తీసుకొని వెళ్లిపోవడం వాళ్ల సోమరితనం కాదని నాకు తెలుసు. అందుకే ఈ పని వాళ్ల మీద వేయవద్దంటున్నాను. ప్రతి పోటీకి ఒక స్కోరర్ ఉంటాడు, కబడ్డీకి స్కోర్ షీట్ ఉంటుంది, పాఠశాల క్రీడలకు వ్యాయామ ఉపాధ్యాయులు ఉంటారు. స్కోర్ షీట్ లేని పోటీ వార్త వేయబోమని మీరు ఒక్క మాట ప్రకటిస్తే, నిర్వాహకులే దాన్ని ఫొటో తీసి సాయంత్రం ఆరు గంటలలోగా వాట్సాప్‌లో పంపుతారు. తమ పోటీ పేపర్లో రావాలన్న ఆత్రం వాళ్లకు ఎంత ఉంటుందో మీ డెస్క్‌లో పనిచేసేవారికి నేను చెప్పనక్కరలేదు. తప్పుడు లెక్కలు పంపుతారేమో అన్న అనుమానం ఉంటే, షీటు మీద ఇరు జట్ల కెప్టెన్ల సంతకాలు అడగండి. ఓడిన జట్టు కెప్టెన్ సంతకం పెట్టిన లెక్క కన్నా నమ్మదగినది మరొకటి ఉండదు. స్కోర్ బుక్ రాసినంత కాలం నేను పాటించిన పద్ధతి అదే.

అంకెలు చదివే పాఠకులు ఉండరన్న మాట కూడా వినవస్తుంది. అమెరికాలో బిల్ జేమ్స్ అనే ఆయన క్యాన్లలో ఆహారం నింపే కర్మాగారంలో రాత్రి కాపలాదారుగా పనిచేస్తూ, బాక్స్ స్కోర్లు ముందు పెట్టుకొని లెక్కలు వేసి, ఆటగాడి విలువ కట్టడంలో పెద్ద జట్ల అంచనాలు ఎక్కడ తప్పుతున్నాయో 1977 నుంచి సొంతంగా అచ్చు వేసి పంచాడు. 2003లో బాస్టన్ జట్టు ఆయన్ని సలహాదారుగా పెట్టుకుంది. ఆ మరుసటి ఏడాదే ఆ జట్టు 86 ఏళ్ల తర్వాత ఛాంపియన్ అయింది. గెలుపు ఆయన ఒక్కడి వల్లనే వచ్చిందని ఎవరూ అనరు. రాత్రి కాపలాదారు చదువుతాడని అనుకొని ఆ పట్టికలు ఎవరూ వేయలేదు, అయినా అతడు చదివాడు. మా నల్లగొండలోనూ అటువంటివారు ఉండరని ఎందుకు అనుకోవాలి?

నా విన్నపం రెండు పనుల వరకే. వారానికి ఒక రోజు, శుక్రవారమైతే మేలు, రాబోయే శని, ఆదివారాల్లో జిల్లాలో ఏ ఆట ఎక్కడ ఎన్ని గంటలకు జరుగుతుందో ఒక పట్టిక వేయండి. తర్వాత జరిగిన ప్రతి పోటీకి, ఆడపిల్లల పోటీలతో సహా, ఆటగాళ్ల పేర్లతో స్కోరు వేయండి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల పేజీల్లో కూడా ఇదే పద్ధతి పెడితే పొరుగు జిల్లాల జట్లు ఒకదాని గురించి ఒకటి తెలుసుకుంటాయి. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, సాఫ్ట్‌బాల్ పోటీలకు ఒక్కొక్క పేజీ మించకుండా స్కోర్ నమూనాలు తయారు చేసి ఈ ఉత్తరంతో జతపరిచాను. వాటిని మీ డెస్క్‌కు తగినట్టు మార్చుకోవచ్చు. నిర్వాహకులు పంపే షీట్లు మొదట్లో గజిబిజిగా ఉంటాయి కాబట్టి, మొదటి సీజను వరకు వాటిని సరిచూసి, కూడికలు తేల్చి ప్రతి సాయంత్రం ఏడు గంటలలోగా మీ నల్లగొండ కార్యాలయానికి అందించే పని నేను, నాతో పాటు స్కోర్ బుక్‌లు రాసిన మరి కొందరు మిత్రులు ఉచితంగా చేయడానికి సిద్ధంగా ఉన్నాము. పాఠశాలల మండల స్థాయి పోటీలతో మొదలుపెడితే బాగుంటుందని మా అభిప్రాయం. ఆ జట్ల జాబితాలు వ్యాయామ ఉపాధ్యాయుల దగ్గర ముందుగానే ఉంటాయి, పేర్లలో అక్షర దోషాలు రాకుండా చూసుకోవడం తేలిక.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నల్లగొండ.